ముక్కలు ఒకటే, టేబుళ్లు వేరు: అనేక క్లబ్బుల డూప్లికేట్ బ్రిడ్జ్ పోటీ ఎలా నడుస్తుంది?

పేకాటలో ఓడినవాడు ‘ముక్కలు పడలేదు’ అనడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ మాటకు తావు లేకుండా చేయాలన్న పట్టుదల నుంచే డూప్లికేట్ పద్ధతి పుట్టింది. కావెండిష్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన హెన్రీ జోన్స్ 1857లో లండన్‌లో, బ్రిడ్జ్‌కు పూర్వరూపమైన విస్ట్ ఆటలో అవే పంపకాలను బాగా ఆడేవాళ్ల చేతా, అంతగా ఆడలేనివాళ్ల చేతా ఆడించి చూసిన ప్రయోగాన్ని దీనికి తొలి ఉదాహరణగా చెబుతారు. బ్రిడ్జ్ నలుగురు రెండు జంటలుగా ఎదురెదురుగా కూర్చుని ఆడే పేకాట; ఇప్పటి బ్రిడ్జ్ క్లబ్బుల్లో ఆట ముగిశాక ముక్కలను కలిపేయరు. ఎవరి పదమూడు ముక్కలు వారు తిరిగి సర్ది, నాలుగు అరలున్న బోర్డులో పెడతారు, ఆ బోర్డు పక్క టేబుల్‌కు వెళుతుంది. ఉత్తర-దక్షిణంగా కూర్చున్న ప్రతి జంటా, ఒక్కో బోర్డులో అవే ముక్కలతో ఆడిన ఇతర ఉత్తర-దక్షిణ జంటలతో పోటీ పడుతుంది. తూర్పు-పడమర జంటలదీ ఇదే తీరు.

ఈ పద్ధతిని ఒక గది దాటించి, ఇరవై క్లబ్బుల్లోనో రెండు వందల క్లబ్బుల్లోనో అవే పంపకాలను ఆడించి, అందరి ఫలితాలనూ ఒకే పట్టికలోకి తెస్తే అది సైమల్టేనియస్ పెయిర్స్ పోటీ అవుతుంది. ఎవరి క్లబ్బులో వారు ఆడతారు, ఆ రాత్రికి క్లబ్బు విజేతలు ఉంటారు, ఆపైన మొత్తం పోటీకి విజేతలు ఉంటారు. బయటినుంచి చూస్తే ముక్కల జాబితా పంపడం, స్కోర్లు తెప్పించుకోవడం తప్ప ఇందులో పని లేదనిపిస్తుంది. నిజానికి నిర్వాహకుడు మొదటినుంచి చివరిదాకా కాపాడవలసింది ఒకే ఒక్క వస్తువు, అది పోలిక. ఒక ఊళ్లోని టేబుల్ మీద వచ్చిన 620 స్కోరును మరో ఊళ్లోని టేబుల్ మీద వచ్చిన 650తో పోల్చే హక్కు మనకు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే, ఈ పోటీ నియమాలన్నీ ఎందుకలా ఉన్నాయో తెలుస్తుంది.

ముందుగా ఆ పోలిక లెక్క ఎలా ఉంటుందో చూడాలి. మ్యాచ్‌పాయింట్ పద్ధతిలో ఒక బోర్డు మీద మనకంటే తక్కువ స్కోరు తెచ్చుకున్న ప్రతి జంటకూ మనకు రెండు పాయింట్లు, సమానంగా తెచ్చుకున్న ప్రతి జంటకూ ఒక పాయింటు వస్తాయి. ఉదాహరణకు, ఏడో బోర్డులో రెండు పక్షాలూ వల్నరబుల్. అంటే గెలిస్తే బోనస్, ఓడితే జరిమానా రెండూ పెద్దవే. ఐదు టేబుళ్లున్న ఒక క్లబ్బులో ఉత్తర-దక్షిణ జంటలు నాలుగు ఇస్పేట్లు, అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు (నలుగురూ ఒక్కో ముక్క వేసే పట్టులు) గెలుస్తామని పిలిచిన కాంట్రాక్టు, ఆడి మూడు చోట్ల సరిగ్గా పది ట్రిక్కులతో 620, ఒక చోట ఓవర్‌ట్రిక్కుతో (పిలిచినదానికంటే ఒకటి ఎక్కువ గెలిచి) 650 తెచ్చుకున్నాయనీ, ఐదో జంట గేమ్ (పెద్ద బోనస్ తెచ్చే కాంట్రాక్టు) పిలవకుండా ఆగిపోయి 170తో సరిపెట్టుకుందనీ అనుకుందాం. గరిష్ఠం 8 పాయింట్లు. 650కి 8, 170కి 0, 620 తెచ్చుకున్న ప్రతి జంటకూ 4, అంటే 50 శాతం.

ఇప్పుడు అదే బోర్డును ఆడిన 41 టేబుళ్లన్నిటినీ కలిపి చూద్దాం. పన్నెండు చోట్ల 650, నాలుగు చోట్ల మూడు నో ట్రంప్స్‌తో (తురుపు లేని కాంట్రాక్టు) పాటు ఒక ఓవర్‌ట్రిక్కుతో 630, ఇరవై చోట్ల 620, ఐదు చోట్ల 170 వచ్చాయనుకుంటే గరిష్ఠం 80 అవుతుంది. 620కి ఇప్పుడు దక్కేవి 29 పాయింట్లే, అంటే 36.25 శాతం. 650కి 69, అంటే 86.25 శాతం. తన క్లబ్బులో సరిగ్గా సగటున నిలిచిన జంట, విశాలమైన పోలికలో బాగా వెనకబడింది. ఒక ఓవర్‌ట్రిక్కు, అంటే ముప్పై పాయింట్ల తేడా, ఇక్కడ యాభై శాతం తేడాగా మారింది. అదే ముప్పై పాయింట్లను టీమ్ పోటీల్లో వాడే ఇంప్ కొలమానంలో వేస్తే ఒకే ఒక్క ఇంప్ వస్తుంది. వల్నరబుల్‌గా ఉండి స్లామ్ (పన్నెండో పదమూడో ట్రిక్కుల కాంట్రాక్టు) పిలిచి 1430 తెచ్చుకున్నవారికీ గేమ్‌లో ఆగి 680 తెచ్చుకున్నవారికీ మధ్య తేడా 13 ఇంప్‌లు. ఇంప్‌లతో నడిపితే ఒకటి రెండు బోర్డులు సాయంత్రాన్నంతా మింగేస్తాయి. అన్ని బోర్డులకూ సమాన విలువనిచ్చే మ్యాచ్‌పాయింట్లే అనేక క్లబ్బుల పోటీకి ఎక్కువగా నప్పుతాయని నా అభిప్రాయం.

ఈ లెక్కవల్ల ఆటగాళ్లను ఎక్కువగా కలవరపెట్టే వింత ఒకటి పుడుతుంది. క్లబ్బులో మొదట వచ్చిన జంట మొత్తం పట్టికలో, తాము అదే రాత్రి ఓడించిన జంటకంటే కింద ఉండవచ్చు. లెక్కలో తప్పేమీ లేదు. ఐదు టేబుళ్ల క్లబ్బులో ఒక్కో జంటను దాటడం 25 శాతం విలువ చేస్తుంది కాబట్టి పక్క టేబుల్‌లో ఎవరో చేసిన పిచ్చి పని మన శాతాన్ని పైకో కిందకో ఈడ్చేస్తుంది. 41 టేబుళ్లలో ఆ పిచ్చి పని విలువ రెండున్నర శాతమే. చిన్న పోలికలో ఉన్న గాలివాటం పెద్ద పోలికలో చాలావరకు తగ్గుతుంది. క్లబ్బు ఫలితం తప్పు, మొత్తం ఫలితం ఒప్పు అని దీనికి అర్థం కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఈ మాట ముందే చెప్పని నిర్వాహకుడు తర్వాత వారం రోజులు ఫోన్లలో చెప్పుకోవలసి వస్తుంది.

పెద్ద పోలిక కూడా తీసేయలేనిది ఒకటుంది: ఎదుటివాళ్లు. డూప్లికేట్ ముక్కల అదృష్టాన్ని తీసేస్తుంది గానీ ప్రత్యర్థుల అదృష్టాన్ని తీసేయదు. నా స్కోరును దూరపు ఊళ్లోని నిపుణుల స్కోరుతో పోలుస్తారు, కానీ నేను ఆడింది నా క్లబ్బులోని వాళ్లతో. తూర్పు-పడమర జంటలు కాపు కాయడంలో ట్రిక్కులు వదిలేసే క్లబ్బులో ఓ మోస్తరు ఉత్తర-దక్షిణ జంట 60 శాతం దాటడం కష్టం కాదు; గట్టి క్లబ్బులో అదే జంట 48 దగ్గర ఆగిపోవచ్చు. అందుకే ఇటువంటి పోటీలో ఒక క్లబ్బులోని ఒక్కో దిక్కు జంటల సగటు 50 శాతం కానక్కరలేదు. ఒక దిక్కువారు మాత్రమే బలంగా ఉంటే ఆ దిక్కు సగటు పైకి లేచి, రెండో దిక్కు అంతే కిందకు దిగుతుంది. దీనికి పూర్తి విరుగుడు లేదు. ప్రత్యర్థుల బలాన్ని, భాగస్వామి బలాన్ని లెక్కలోకి తీసుకుని శాతాన్ని సవరించే గ్రేడింగ్ పద్ధతి ఇంగ్లండ్‌లో ఉంది గానీ అది దీర్ఘకాలంలో ఆటగాడి స్థాయిని కొలిచేందుకు పనికొచ్చేది. ఒక రాత్రి విజేతను తేల్చేందుకు కాదు.

ఇక పంపకాల సంగతి. 52 ముక్కలను నలుగురికి పంచగల విధానాల సంఖ్య 29 అంకెలది, సుమారు 5.36ను పది లక్షల కోట్లతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ ఒక కోటి కోట్లతోను, ఆపైన పదితోను గుణిస్తే వచ్చేటంత. దాన్ని కంప్యూటర్ భాషలో చెప్పాలంటే 96 బిట్లు కావాలి. కేవలం 32 బిట్ల విత్తనంతో (మొదట ఇచ్చే సంఖ్యతో) మొదలయ్యే ప్రోగ్రామ్ ఎన్ని సంవత్సరాలు నడిచినా 429 కోట్ల రకాల పంపకాలకు మించి మొదలుపెట్టలేదు, అంటే సముద్రంలో ఒక చెంబుడు. ఊళ్లోని శుక్రవారం ఆటకు ఈ తేడా పట్టదు గానీ, ర్యాంకులూ బహుమతులూ ఉన్న పోటీకి బలమైన యాదృచ్ఛికత ఉన్న ప్రోగ్రామ్ వాడడం కనీస మర్యాద. అందుకోసమే రాసిన బిగ్ డీల్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి.

కంప్యూటర్ పంచిన ముక్కలు విపరీతంగా ఉంటాయన్న ఫిర్యాదు ప్రతి క్లబ్బులోనూ వినిపిస్తుంది. విపరీతం కంప్యూటర్‌ది కాదు, మన చేతులది. ఆడి పడేసిన ట్రిక్కుల్లో ఒకే రంగు ముక్కలు నాలుగేసి పక్కపక్కనే ఉంటాయి. వాటిని సరిగా కలపకుండా ఒక్కొక్కటిగా పంచితే ఆ రంగు నలుగురికీ సమానంగా చేరి, చేతులు చదునుగా వస్తాయి. పేక బాగా కలవాలంటే సుమారు ఏడు సార్లు చీల్చి కలపాలని బేయర్, డయాకోనిస్ 1992లో గణితపరంగా చూపారు. క్లబ్బుల్లో అంత ఓపిక ఎవరికుంది? నిజంగా యాదృచ్ఛికమైన పంపకంలో, ఒక చేతిలో ఏదో ఒక రంగు పూర్తిగా లేకపోయే అవకాశం సుమారు 5 శాతం. 24 బోర్డుల సాయంత్రంలో ప్రతి ఆటగాడికీ సగటున ఒకసారి పైచిలుకు అలాంటి చేయి రావలసిందే. అనేక క్లబ్బుల పోటీల్లో ఆట తర్వాత నిపుణుల వ్యాఖ్యతో కూడిన పుస్తకం పంచే ఆనవాయితీ ఉంది కాబట్టి, చప్పని పంపకాలను తీసేసి రసవత్తరమైనవి ఏరి పెడదామన్న కోరిక నిర్వాహకుడికి కలుగుతుంది. ఆ కోరికను అణుచుకోవాలి. ఏరిన పంపకాలతో జరిగేది ప్రదర్శన అవుతుంది, పోటీ కాదు.

పంపకాలు సాధారణంగా పీబీఎన్ అనే పాఠ్య రూపంలోనో, పంచే యంత్రాలు చదివే డప్ రూపంలోనో క్లబ్బులకు చేరతాయి. డూప్లిమేట్ వంటి యంత్రం ఉన్నచోట పేకను పైన పెడితే అది ముక్కలను గుర్తుపట్టి నాలుగు అరల్లోకి విసిరేస్తుంది. యంత్రం లేని క్లబ్బులో ఎవరో ఒకరు కాగితం చూసి చేత్తో పేర్చాలి, ఆ మనిషి ఆ రాత్రి ఆడకూడదు. చిన్న క్లబ్బుల్లో డైరెక్టరే ఆడుతూ నడపడం మామూలు కాబట్టి ఇది చెప్పినంత తేలిక కాదు. యంత్రంలో ముక్కలు పెట్టి ఫైలు తెరవకుండా బటన్ నొక్కే డైరెక్టర్ ఆడవచ్చు, కాగితం చూసి పేర్చినవారు ఆడకూడదు అన్న గీత స్పష్టంగా గీయాలి. వ్యాఖ్య రాసే నిపుణుడికి పంపకాలు ముందే తెలుస్తాయి. ఆయన కూడా ఆ పోటీకి దూరమే.

పోలిక ఎక్కువగా దెబ్బతినేది ఈ పేర్చే దశలోనే. ఉత్తరం ముక్కలు తూర్పు అరలోకి, తూర్పువి దక్షిణంలోకి, ఇలా బోర్డు మొత్తం ఒక పావు తిరిగిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ముక్కలు అవే, జంటలు కూడా విడిపోలేదు; అయినా దిక్కులు మారాక మొదట పిలిచేది ఎవరు, వల్నరబుల్ ఎవరు అన్నవి మారిపోతాయి కాబట్టి అది ఇక అదే బోర్డు కాదు. 2017 నాటి డూప్లికేట్ బ్రిడ్జ్ నియమావళిలో 87వ నియమం దీన్ని చెడిన బోర్డు అంటుంది. ఒకే రూపంలో ఆడినవారిని ఒక గుంపుగా, మరో రూపంలో ఆడినవారిని మరో గుంపుగా విడదీసి స్కోరు వేయాలి.

ఇక్కడే న్యూబర్గ్ సూత్రం పనికొస్తుంది. పైన చెప్పిన 41 టేబుళ్లలో ఐదు టేబుళ్ల క్లబ్బు ఒక బోర్డును తిరగేసి ఆడిందనుకుందాం. ఆ ఐదుగురిలో మొదట వచ్చిన జంటకు 8కి 8 వచ్చాయి. దాన్ని నేరుగా 100 శాతంగా పట్టికలో వేస్తే, 36 మందిలో మొదట నిలిచినవారికి అన్యాయం. ఐదుగురిలో మొదటివాడు 41 మందిలో కూడా మొదట ఉండేవాడని ఎవరు హామీ ఇవ్వగలరు? సూత్రం చేసేదేమిటంటే, వచ్చిన పాయింట్లకు ఒకటి కలిపి, రావలసిన స్కోర్ల సంఖ్యతో గుణించి, నిజంగా వచ్చిన స్కోర్ల సంఖ్యతో భాగించి, ఒకటి తీసేస్తుంది. 9ని 41తో గుణించి 5తో భాగిస్తే 73.8, అందులో ఒకటి తీస్తే 72.8. గరిష్ఠం 80 కాబట్టి అది 91 శాతం. చివరి జంటకు సున్నాకు బదులు 7.2, అంటే 9 శాతం. 36 మంది గుంపులో మొదటివారికి దాదాపు 99.8 శాతం వస్తుంది. గుంపు చిన్నదయ్యేకొద్దీ సూత్రం శాతాలను మధ్యకు లాగుతుంది. తక్కువ సాక్ష్యం మీద పెద్ద తీర్పు ఇవ్వకూడదన్న ఇంగితమే ఇందులో అంకెలుగా మారింది. కొన్ని క్లబ్బులు తక్కువ బోర్డులు ఆడడం వల్ల చివరి బోర్డులకు స్కోర్లు తగ్గినప్పుడూ ఇదే సూత్రం వాడతారు.

తక్కువ బోర్డులు ఎందుకు ఆడతారన్నది టేబుళ్ల కదలికకు సంబంధించిన విషయం. మిచెల్ పద్ధతిలో ఉత్తర-దక్షిణ జంటలు కదలవు, తూర్పు-పడమర జంటలు ప్రతి రౌండ్‌కూ ఒక టేబుల్ పైకి, బోర్డులు ఒక టేబుల్ కిందకు కదులుతాయి. టేబుళ్లు బేసి సంఖ్యలో ఉంటే ఇది నూనె వేసిన చక్రంలా సాగుతుంది: తొమ్మిది టేబుళ్లు, మూడేసి బోర్డులు, 27 బోర్డులు. సరి సంఖ్య అయితే సగం దూరం వెళ్లేసరికి జంటలు తాము ఆడేసిన బోర్డులనే మళ్లీ కలుస్తాయి, అందుకని మధ్యలో ఒక టేబుల్ దాటి వెళ్లాలి. ఎనిమిది టేబుళ్లకు మూడేసి బోర్డులు పెడితే ఆటలో 24 బోర్డులున్నా ఒక్కో జంట ఏడు రౌండ్లలో 21 మాత్రమే ఆడుతుంది. టేబుళ్లు మరీ తక్కువైతే హోవెల్ పద్ధతి, అందులో జంటలు దిక్కులు కూడా మారతాయి. కేంద్ర నిర్వాహకుడు అందరికీ ఒకే కదలిక విధించలేడు, విధించకూడదు కూడా. ఎన్ని జంటలు వస్తాయో ఆ సాయంత్రం దాకా క్లబ్బుకే తెలియదు. అతడు ముందే రాసి పెట్టవలసినది, మొత్తం ర్యాంకుకు కనీసం ఎన్ని బోర్డులు ఆడాలన్నది. దాన్ని మరీ తగ్గించడం పొరపాటు. బోర్డులు తగ్గేకొద్దీ శాతాలు అటూ ఇటూ ఎక్కువగా ఊగుతాయి, దాంతో పట్టిక పైభాగంలోనూ అడుగునా తక్కువ బోర్డులు ఆడిన జంటలే అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తాయి. సమయం విషయానికొస్తే బోర్డుకు ఏడున్నర నిమిషాల చొప్పున 24 బోర్డులకు మూడు గంటలు.

క్లబ్బులన్నీ ఒకే రాత్రి ఆడితే రహస్యం సులభం. వారంలో వేర్వేరు రోజుల్లో ఆడనిస్తే, సోమవారం ఆడినవాళ్లు బుధవారం ఆడేవాళ్లతో ‘పదకొండో బోర్డులో ఏం చేశావు’ అనకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. బ్రిడ్జ్ ఆటగాళ్లు ఆట కంటే ఆట గురించి మాట్లాడడాన్నే ఎక్కువ ఇష్టపడతారు. మోసం ఉద్దేశం అక్కరలేదు, ఒక నిట్టూర్పు చాలు. కాబట్టి రోజుకో పంపకాల సెట్టు పెట్టి, ఏ రోజు సెట్టుకు ఆ రోజే విడి పట్టిక తయారు చేయడం మేలు. పోలిక చిన్నదవుతుంది గానీ కల్తీ కాదు. పంపకాల ముద్రిత ప్రతులను ఆఖరి క్లబ్బు ఆట ముగిసేదాకా బయటపెట్టకూడదు.

తీర్పుల్లో సమానత్వం మరో చిక్కు. ఆటలో తప్పు జరిగినప్పుడు బోర్డు ఆడడం వీలుకాకపోతే, తప్పు లేని జంటకు 60 శాతం, కొంత తప్పున్నవారికి 50, నేరుగా బాధ్యులైనవారికి 40 ఇవ్వాలని 12వ నియమం చెబుతుంది. తప్పు లేని జంట మిగతా ఆటలో 60 దాటితే ఆ శాతమే వస్తుంది. ఇక్కడ గోల లేదు. కానీ భాగస్వామి తటపటాయింపు నుంచి సమాచారం వాడుకున్నారా, తప్పుడు వివరణ వల్ల నష్టం జరిగిందా వంటివి డైరెక్టర్ విచక్షణతో తేల్చేవి, ఒక క్లబ్బులో ఒకలా మరో క్లబ్బులో మరోలా తేలతాయి. అందుబాటులో ఉండే ఒక ముఖ్య డైరెక్టర్‌ను నియమించి, ఇటువంటి సందేహాలకు అదే రాత్రి ఫోన్‌లో సలహా దొరికేలా చేయడం, సాధ్యమైతే అదే స్థాయి ఆటగాళ్లు నలుగురైదుగురిని అడిగి తీర్పు చెప్పమనడం తప్ప వేరే మార్గం లేదు.

స్కోర్లు వచ్చి చేరాక అసలు పరీక్ష. టేబుల్ మీద ఉండే బ్రిడ్జ్‌మేట్ వంటి పరికరాలు కాంట్రాక్టు, ఆడినవారి దిక్కు, ట్రిక్కులు తీసుకుని స్కోరు తామే లెక్కిస్తాయి కాబట్టి వల్నరబుల్‌గా ఉండి 420 రావడం వంటి అసాధ్యాలు ఇప్పుడు అరుదు. మిగిలినది దిక్కు తారుమారు: ఉత్తరం ఆడిన కాంట్రాక్టును తూర్పు పేరిట నొక్కడం. ఒక్క టేబుల్ ఫలితం వింతగా ఉంటే ముందు ఆ నలుగురినీ అడగాలి, ఎందుకంటే బ్రిడ్జ్‌లో వింతలు నిజంగానే జరుగుతాయి. ఒక క్లబ్బులోని టేబుళ్లన్నీ ఒకే బోర్డులో వింతగా ఉంటే, ఉదాహరణకు అందరి ముక్కలూ తెరిచి చూసి చేసిన కంప్యూటర్ విశ్లేషణ ఉత్తర-దక్షిణాలకు ఇస్పేట్లలో పది ట్రిక్కులు చూపిస్తుండగా ఆ క్లబ్బులో ప్రతి చోటా తూర్పు-పడమరలే గేమ్ చేసి ఉంటే, ఆటగాళ్లను కాదు, బోర్డును తెప్పించి చూడాలి. దాన్ని మళ్లీ పేర్చేలోపే అడగాలి.

పేర్ల గొడవ దీనికంటే విసుగు. ఒకే మనిషి మూడు క్లబ్బుల్లో మూడు అక్షరక్రమాలతో ఉంటాడు. సభ్యత్వ సంఖ్య తప్పనిసరి చేస్తే తీరుతుంది.

చివరిది గడువు. నియమావళిలోని 79వ నియమం ప్రకారం స్కోరు సవరణ గడువు, వేరే ఏర్పాటు ప్రకటించకపోతే, అధికారిక ఫలితం చూసేందుకు పెట్టిన 30 నిమిషాలకు ముగుస్తుంది; తీర్పు మీద అప్పీలు హక్కు కూడా దాంతోనే పోతుంది. ఒక గదిలో జరిగే ఆటకు అది చాలు. అనేక క్లబ్బుల పోటీలో ఆఖరి క్లబ్బు ఫైలు పంపేదాకా ప్రతి శాతమూ కదులుతూనే ఉంటుంది, ఆటగాళ్లు తమ ఇంట్లో తెర మీద చూసుకునేది మరుసటి రోజు. గడువు పెంచుకునే అధికారాన్ని అదే నియమం నిర్వాహకుడికి ఇస్తోంది కాబట్టి, క్లబ్బు స్థాయి అప్పీళ్లకు ఆ రాత్రే గడువు పెట్టి, అంకెల సవరణకు రెండు మూడు రోజులు ఇచ్చి, ఈ రెండు తేదీలనూ ఆట మొదలు కాకముందే ప్రతి క్లబ్బు గోడ మీద అంటించాలి. అప్పటిదాకా తెర మీది పట్టికకు ‘తాత్కాలికం’ అన్న ముద్ర ఉండాలి. గడువు దాటిన మరునాడు ఎవరో తమ 170 నిజానికి 620 అని రాస్తారు. అప్పుడు పట్టికను ముట్టుకోకూడదు.